దేశదిమ్మరి మహాపండితుడు

కాశీకి పోయినవాడూ, కాటికి పోయినవాడూ ఒకటేనని మన పెద్దలు అనుకొనేవారు. దారి ఖర్చుకూ, దారి దొంగలకూ వెరచి ఊరి పొలిమేర దాటనివారే నాడు ఎక్కువ. ఆ భయం ఇంకా పూర్తిగా తొలగని రోజుల్లో, చేతిలో చెప్పుకోదగిన ధనం లేకుండానే ఇల్లు విడిచి, సంచారాన్నే జీవనవిధానంగా మలచుకొన్న పండితుడు రాహుల్ సాంకృత్యాయన్.

ఆయన 1893 ఏప్రిల్ 9న ఆజంగఢ్ జిల్లాలోని పందహా గ్రామంలో, మాతామహుని ఇంట జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కేదారనాథ్ పాండే. తాత పూర్వం సైన్యంలో పనిచేసినవాడు. తాను చూసిన అడవులను, కొండలను, పట్టణాలను గురించి ఆయన చెప్పే కబుర్లు మనుమని మనసులో నాటుకొన్నాయి. దానికి తోడు, బడిలో చదివిన ఉర్దూ వాచకంలో లోకసంచారానికి ప్రేరేపించే చిన్న కవిత ఒకటి కంటబడింది. ఒకనాడు కేదారుని చేయిజారి ఇంట్లోని నెయ్యి నేలపాలయింది. తాత కోపానికి జంకి ఆ బాలుడు కలకత్తాకు పారిపోయాడు. ఒలికిన నెయ్యి ఒక మహాయాత్రికుని మనకు ప్రసాదించిందని సరదాగా అనుకోవచ్చు. అయితే అప్పటికే పెద్దలు ఆయనకు బాల్యవివాహం చేసి ఉన్నారు. ఆ వివాహాన్ని ఆయన ఏనాడూ అంగీకరించలేదు. ఏ తప్పూ చేయని ఆ బాలిక జీవితం మాత్రం అక్కడే నిలిచిపోయింది. ఈ మాట దాచి ఆయన చరిత్ర చెప్పడం న్యాయం కాదు.

ధనం లేనివాడు ఇన్నేళ్ళు ఎలా తిరిగాడు? బీహారులోని పర్సా మఠంలో రామ ఉదార దాసు అనే పేరుతో వైష్ణవ సాధువు అయినప్పుడు మఠాలే ఆయనకు సత్రాలయ్యాయి. తరువాత ఆర్యసమాజంలో చేరాడు. జాతీయోద్యమంలో పాల్గొని చెరసాలకు వెళ్ళాడు. 1927లో సింహళం చేరి, కెలనియలోని విద్యాలంకార పరివేణంలో భిక్షువులకు సంస్కృతం బోధించి, తాను పాళీ నేర్చుకొన్నాడు. ఒక విద్య నిచ్చి మరొక విద్యను, దానితోపాటు గ్రాసవాసాలను పొందడం ఆయన పద్ధతి. ఆయనకు విద్యయే పాథేయం.

ఈ పద్ధతికి అసలు పరీక్ష 1929లో వచ్చింది. నలంద, విక్రమశిల విధ్వంసంతో మన దేశంలో నశించిన బౌద్ధగ్రంథాలు టిబెట్టులో దొరుకుతాయని ఆయన ఊహ. అక్కడికి వెళ్ళడానికి అనుమతి దుర్లభం. నాడు శివరాత్రికి నేపాలు యాత్రికులను రానిచ్చేది. ఆ జనసమ్మర్దంలో కలిసి సరిహద్దు దాటి, అక్కడినుండి బిచ్చగాని వేషంలో నడక సాగించాడు. మార్గమధ్యంలో సుమతి అనే మంగోల్ భిక్షువు తోడయ్యాడు. దారిదొంగలు ముందు చంపి, తరువాత మూట వెదికే ప్రాంతమది. అనుమానం కలిగించే మనుషులు ఎదురైతే చాలు, రాహుల్ టోపీ తీసి, నాలుక చాపి, దీనంగా ఒక పైసా యాచించేవాడు. బిచ్చగాణ్ణి చంపితే ఎవరికేమి లాభం? పేదరికమే ఆయనకు కవచమయింది.

టిబెట్టు గృహిణుల సౌజన్యం మరొక అండ. ముక్కూమొగం తెలియనివాడు వంటింటిదాకా వెళ్ళి తన జోలెలోని తేయాకు ఇచ్చినా, వెన్న, ఉప్పు కలిపి తేనీరు కాచి ఇచ్చేవారు. పదిహేడు పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్న థోంగ్లా కనుమ దిగుతూ, ఎక్కిన గుర్రం మందగించడంతో ఆయన దారి తప్పాడు. చాలాసేపు వేచి ఉన్న సుమతి మండిపడ్డాడు. కోపం ఎంత త్వరగా వచ్చిందో అంత త్వరగానే చల్లారింది. సుమతి శిష్యులకు బుద్ధగయ వస్త్రపు పేలికలతో కట్టిన రక్షలు పంచేవాడు. అవి అయిపోతే ఏ గుడ్డ దొరికితే ఆ గుడ్డనే చించి కట్టేవాడు! శేకర్ విహారంలో 103 సంపుటాల వ్రాతప్రతి కంజూరు కనబడగానే రాహుల్ లోకాన్ని మరచిపోయాడు. శిష్యులను చూసి వస్తానని సుమతి అడిగితే, ఈసారి అడ్డుచెప్పనే లేదు.

లాసాలో కొంతకాలం నివసించి, సింహళం నుండి అందిన ధనంతో గ్రంథాలు, చిత్రపటాలు కొని, కంచరగాడిదలపై తరలించాడు. 1930లో బౌద్ధభిక్షువై రాహుల్ అన్న నామం స్వీకరించాడు. తమ సాంకృత్య గోత్రాన్ని బట్టి సాంకృత్యాయనుడయ్యాడు. మళ్ళీ 1934, 1936, 1938 సంవత్సరాలలో టిబెట్టు వెళ్ళాడు. ఆచార్య నాగార్జునుని విగ్రహవ్యావర్తని సంస్కృత మూలం 1936లో శాలు విహారంలో ఆయనకే లభించింది. కృష్ణానదీ తీరాన నాగార్జునుని పేర కొండనే నిలుపుకొన్న తెలుగువారికి ఇది సామాన్యమైన ఉపకారం కాదు.

ఐరోపా, జపాను, ఇరాను, సోవియట్ దేశాలు కూడా ఆయన తిరిగాడు. 1942లో హజారీబాగ్ చెరసాలలో వ్రాసిన కథాసంపుటి 'ఓల్గా నుంచి గంగకు' అనువాదం తెలుగు పాఠకులకు చిరపరిచితం. దేశసంచారంపై ప్రత్యేకంగా వ్రాసిన ఘుమక్కడ్ శాస్త్రం తొలి అధ్యాయానికి బ్రహ్మసూత్రాల ఆరంభాన్ని తలపించే పేరు పెట్టడంలో ఆయన చమత్కారం, పాండిత్యం రెండూ కనిపిస్తాయి. తండ్రి సొమ్ముతో తిరిగేవాడు నిజమైన సంచారి కాడని ఆ గ్రంథం తేల్చింది. క్షౌరం, వైద్యం, ఛాయాచిత్రణం, సంగీతనృత్యాలు వంటివి నేర్చినవానికి ఏ దేశంలోనైనా కూడు, నీడ దొరుకుతాయని వివరించింది. స్త్రీలకూ సంచారంలో సమానాధికారం ఉందని వాదించింది.

ధనం ఖర్చు కాని యాత్రలకు వేరే మూల్యం ఉంటుంది. లెనిన్‌గ్రాడ్‌లో ఆచార్యుడుగా పనిచేసి 1947లో తిరిగివచ్చినప్పుడు, అక్కడి భార్య లోలా, కుమారుడు ఇగోర్ అక్కడే ఉండిపోయారు. 1950లో కమలను వివాహమాడి, ముస్సోరీలో కొంతకాలం స్థిరపడ్డాడు. మధ్య ఆసియా చరిత్రకు 1958లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 1961లో పక్షవాతంతో జ్ఞాపకశక్తి నశించింది. ఎన్నో భాషలు పలికిన నోరు మాటల కోసం తడబడింది. మాస్కోలో చేయించిన చికిత్స ఫలించలేదు. 1963 ఏప్రిల్ 14న, హిమాలయాల ఒడిలోని డార్జిలింగ్‌లో ఆయన కన్నుమూశాడు.