పుణెలో పుట్టిన సాలార్‌జంగ్: వస్తువుల వెనుక మనిషి

సాలార్‌జంగ్ మ్యూజియం పేరు వినని తెలుగు ఇల్లు ఉండదు. హైదరాబాదు చూడబోయిన మనవాళ్లంతా ఆ గంటల గడియారం ముందు కాసేపు నిలబడి వచ్చినవారే. అయితే ఆ వస్తువుల్లో అధిక భాగం కూడబెట్టిన నవాబు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ మన పుణెలో పుట్టారన్న సంగతి మహారాష్ట్రలోని తెలుగువారికే చాలామందికి తెలియదు. అందుకే ఆయన జీవితం నాలుగు మాటల్లో మన పాఠకుల ముందుంచుతున్నాము.

ఆయన 1889 జూన్ 13న పుట్టారు. నెల తిరిగేసరికే తండ్రి, రెండవ సాలార్‌జంగ్, కన్నుమూశారు. తాత మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 వరకు హైదరాబాదు దివానుగా పనిచేసిన దిట్ట. తండ్రి లేని ఆ పసివాడి బాగోగులు ఆరవ నిజాం చూసుకున్నారు. 1912లో, ఇరవై మూడేళ్ల వయసులో, ఏడవ నిజాం ఆయనను దివానుగా నియమించారు. రెండేళ్లు గడవగానే 1914లో ఆ పదవి వదిలేశారు. పెళ్లి చేసుకోలేదు. అక్కడి నుంచి చివరిదాకా, దాదాపు ముప్పై అయిదేళ్లు, సేకరణే ఆయన పని అయింది.

దివాన్ దేవిడీ అనే ఆయన భవనానికి దేశ విదేశాల వ్యాపారులు సరుకు తెచ్చి చూపేవారు. పుస్తకాలు, చిత్రాలు, పింగాణీ, గడియారాలు అన్నీ కొన్నారు. వాటితోపాటు కత్తులు, బాకులు, డాళ్లు, కవచాలు, పాత తుపాకులు కూడా చేరాయి. జహంగీరు బాకు, నూర్జహాను పండ్లు కోసుకునే కత్తి, షాజహాను విల్లెక్కుపెట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఉంగరం నేటికీ అక్కడ చూడవచ్చు.

ఆయుధాల గది ముందు మనవాళ్లు ఆట్టే ఆగరు. ఆగితే తెలిసేది చాలా ఉంది. పాత తుపాకిని గుర్తుపట్టాలంటే ముందు అది మందును ఎలా అంటించేదో చూడాలి. రాజుకుంటున్న వత్తి పట్టే కొక్కెం ఉంటే అది అన్నిటికంటే పాత పద్ధతి. మన దేశపు వత్తి తుపాకుల్లో గొట్టాన్ని కొయ్యకు తోలుతోనో తీగతోనో కట్టి ఉంచడం కనిపిస్తుంది. చెకుముకి రాయి పట్టే దవడ ఉంటే ఆ తరువాతిది. చిన్న టోపీ తొడిగే ములుకు ఉంటే పందొమ్మిదో శతాబ్దిది. గొట్టం లోపల నున్నగా ఉంటే మస్కెట్, మెలితిరిగిన గాట్లుంటే రైఫిల్. ఈస్టిండియా కంపెనీ తుపాకులైతే గుర్తు చూడాలి: ముందు కాలంలో అక్షరాలున్న గుండె ఆకారం, తరువాత కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం.

1949 మార్చి 2న సాలార్‌జంగ్ చనిపోయారు. వారసుడిగా బిడ్డ లేడు. పోలీసు చర్య జరిగి ఆరు నెలలే అయింది, సంస్థానం తలకిందులైన సమయం. అంత సేకరణ వేలం పాటలో చెల్లాచెదురైనా అడిగేవారు లేని రోజులు. అప్పటి పాలనాధికారి వెల్లోడి గారు దాన్ని మ్యూజియంగా నిలపాలని తలపెట్టారు. వస్తువులను ఒక క్రమంలో పెట్టే బాధ్యత జేమ్స్ కజిన్స్ గారికి అప్పగించారు. ఈ ఐర్లండు కవి మన మదనపల్లె కళాశాలలో పనిచేసినవారు. 1919లో ఆయన ఉండగానే రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. 1951 డిసెంబరు 16న నెహ్రూ గారు దివాన్ దేవిడీలో మ్యూజియం ప్రారంభించారు. 1961లో పార్లమెంటు దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనంలోకి మారింది.

మన ఇళ్లలో దివాన్ దేవిడీలు లేవు. కానీ తాతల నాటి కత్తో, తుపాకి గొట్టమో అటకమీద ఉన్న కుటుంబాలున్నాయి. వారికి మా మనవి ఒకటే. చింతపండు, ఇటుక పొడి పెట్టి రుద్దకండి. తుప్పుతోపాటు గుర్తులూ పోతాయి. అది ఎవరిది, ఏ ఊరి నుంచి మనతో వచ్చిందో పెద్దవారు ఉండగానే కాగితం మీద రాసి దగ్గర పెట్టండి. మరమ్మతు చేసినా పేలని పాత తుపాకికి 1959 ఆయుధాల చట్టంలో మినహాయింపు ఉంది; పేలేదైతే లైసెన్సు తప్పదు. ఏదైనదీ మనమే తేల్చుకోకుండా పోలీసు స్టేషనులో అడగడం మంచిది.

నవాబు గారు పోయాక ఆయన వస్తువులను కాపాడటానికి ఒక ప్రభుత్వం పూనుకుంది. మన అటకమీది వాటికి మనమే దిక్కు. హైదరాబాదు వెళ్లినప్పుడు పిల్లలను ఆయుధాల గదికి కూడా తీసుకువెళ్లండి. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి.