పీకిన చేత్తోనే పళ్లను నిలబెట్టారు!

షుగర్ పేషెంట్లను నేను అడిగే ప్రశ్నల్లో కొన్నేళ్లుగా ఒకటి కొత్తగా చేరింది. పళ్లు తోముకునేటప్పుడు రక్తం కనిపిస్తోందా, ఏ పన్నైనా కదులుతోందా అని. ఎండీ ముగించి ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో ఈ ప్రశ్న నా నోట వచ్చేది కాదు. కళ్ల పరీక్ష చేయించుకోమనేవాణ్ని, పాదాలు చూసేవాణ్ని, మూత్రంలో ప్రొటీన్ పోతోందేమోనని టెస్టు రాసేవాణ్ని. చిగుళ్ల దగ్గరికి వచ్చేసరికి అది పళ్ల డాక్టర్ల పని అని వదిలేసేవాణ్ని. పన్ను కదులుతోందని ఎవరైనా చెబితే పీకించేసుకోమని సలహా ఇచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని. అదెంత తొందరపాటో తర్వాత తెలిసింది.

కదిలే ప్రతి పన్నూ పీకాల్సిన పన్ను కాదని సుమారు నూటయాభై ఏళ్ల కిందటే ఒక డెంటిస్టు చేసి చూపించారు. ఆయన పేరు జాన్ రిగ్స్. మనం పయోరియా అని పిలుచుకునే చిగుళ్ల జబ్బును అమెరికాలో చాలాకాలం రిగ్స్ వ్యాధి అనేవారు. విచిత్రమేమిటంటే, వైద్య చరిత్రలో ఆయన పేరు మొదట ఎక్కింది మాత్రం ఒక పన్ను పీకినందుకు!

గురువు నోట్లోంచే..

రిగ్స్ 1811లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో పుట్టారు. అప్పటికి పళ్ల వైద్యానికి కాలేజీలు లేవు. తొలి డెంటల్ కాలేజీ బాల్టిమోర్‌లో మొదలైంది 1840లో. అంతవరకూ పేరున్న డెంటిస్టు దగ్గర చేరడం, పక్కన నిలబడి చూడటం, పనిముట్లు అందించడం, మెల్లగా చెయ్యి తిరగడం.. ఇదే చదువు. రిగ్స్ హార్ట్‌ఫర్డ్ పట్టణంలో హొరేస్ వెల్స్ అనే డెంటిస్టు దగ్గర పని నేర్చుకున్నారు. వెల్స్ పుట్టింది 1815లో. అంటే శిష్యుడి కన్నా గురువే మూడేళ్లకు పైగా చిన్న.

1844 డిసెంబరు 10న హార్ట్‌ఫర్డ్‌లో ఒక వినోద ప్రదర్శన జరిగింది. గార్డనర్ కోల్టన్ అనే ఆయన జనానికి నవ్వు పుట్టించే గ్యాస్ (నైట్రస్ ఆక్సైడ్) పీల్పించి, వాళ్ల చేష్టలు చూపించేవారు. గ్యాస్ మత్తులో ఒక యువకుడు గెంతుతూ కాలికి దెబ్బ తగిలించుకున్నాడు. అయినా నొప్పే తెలియలేదు. ప్రేక్షకుల్లో ఉన్న వెల్స్ దాన్ని గమనించారు. నొప్పి లేకుండా పన్ను పీకొచ్చన్న ఆలోచన ఆయనకు అక్కడే తట్టింది.

మర్నాడే ప్రయోగం. కుర్చీలో కూర్చున్నది వెల్స్. గ్యాస్ ఇచ్చింది కోల్టన్. జ్ఞానదంతం పీకింది రిగ్స్. ఎంత గ్యాస్ ఇవ్వాలో, మనిషి మళ్లీ లేస్తాడో లేదో తెలియని రోజులవి. బెడిసికొడితే పోయేది గురువు ప్రాణం. నింద పడేది శిష్యుడి చేతి మీద. అదృష్టం కొద్దీ వెల్స్ కళ్లు తెరిచారు, నొప్పి తెలియలేదని చెప్పారు. అనస్తీషియా చరిత్రలో ఇదొక పెద్ద మలుపు.

ఆ తర్వాత కథ వెల్స్‌కు కలిసి రాలేదు. 1845లో బోస్టన్‌లో వైద్యుల ముందు చేసిన ప్రదర్శనలో గ్యాస్ చాలక పేషెంటు అరిచాడు. వెల్స్ నవ్వులపాలయ్యారు. మరుసటి ఏడాది ఆయన మరో శిష్యుడు విలియం మోర్టన్ అదే బోస్టన్‌లో ఈథర్ మత్తుతో పేరు తెచ్చుకున్నారు. 1848లో 33 ఏళ్లకే వెల్స్ చనిపోయారు. మత్తు కనిపెట్టిన ఘనత ఎవరిదన్న గొడవ ఏళ్ల తరబడి నడిచింది. రిగ్స్ మాత్రం గురువు పక్షానే నిలబడి, ఆ రోజు తాను కళ్లారా చూసినదాన్ని సాక్ష్యంగా చెప్పారు.

పీకడం మాని, గోకడం

మత్తు వచ్చాక పన్ను పీకడం తేలికైంది. రిగ్స్ మాత్రం దారి మార్చారు. పుచ్చు ఏమాత్రం లేని పళ్లు కూడా వదులై ఊడిపోవడం ఆయన్ను ఆలోచనలో పడేసింది. చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది, ముట్టుకుంటే రక్తం వస్తుంది, నొక్కితే చీము కారుతుంది. పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. చివరికి పన్ను ఊగుతుంది. అప్పట్లో దీనికి చాలామంది చేసే వైద్యం పీకేయడమే. కొందరైతే జబ్బు పట్టిన చిగురును కోసి తీసేసేవారు.

చిగురును కోయడాన్ని రిగ్స్ గట్టిగా వ్యతిరేకించారు. తప్పు చిగురుది కాదు, పంటికి పట్టిన గారదని ఆయన వాదన. కంటికి కనిపించే గార కొంతే. చిగురు కిందకి, పంటి వేరు మీదకి దిగిన గార గట్టిపడి లోపల గరుకుగా ఉండిపోతుంది. అది అక్కడ ఉన్నంతకాలం పుండు మానదు. కాబట్టి చిగురును ఉంచి, దాని కిందున్న గారను గోకి తీసేయాలి. పంటిని నున్నగా మెరుగు పెట్టాలి. ఇంటికి వెళ్లాక నోటిని శుభ్రంగా ఉంచుకోవడం పేషెంటుకు నేర్పాలి. ఈ పని కోసం ఆయన ప్రత్యేకంగా సన్నని పనిముట్లు తయారుచేసుకున్నారు.

ఈ రోజు డెంటల్ క్లినిక్‌లో జరిగే స్కేలింగ్, రూట్ ప్లానింగ్‌ల మూలసూత్రం ఇదే. పనిముట్లు మెరుగయ్యాయి, కరెంటుతో నడిచే అల్ట్రాసోనిక్ స్కేలర్లు వచ్చాయి. చేసే పని మాత్రం రిగ్స్ చేసిందే.

సగం నిజం

రిగ్స్ మొండి మనిషి. జబ్బుకు కారణమంతా పంటి మీదే ఉందని, ఒంట్లో వేరే లోపం వెతకక్కర్లేదని పట్టుబట్టారు. ఎదుటి పక్షం వాళ్లు ఇది ఒంట్లో తేడా వల్ల వచ్చే జబ్బేననీ, చిగుళ్లు గోకి లాభం లేదనీ అన్నారు. ఇప్పుడు చూస్తే ఇద్దరి దగ్గరా సగం సగం నిజం ఉంది.

పాచిలో ఉండే సూక్ష్మజీవుల సంగతి రిగ్స్‌కు తెలిసే కాలం కాదు. 1965లో డెన్మార్క్‌లో 12 మందిని పళ్లు తోముకోవడం ఆపమన్నారు. మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్లవాపు వచ్చింది. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టగానే తగ్గిపోయింది. పాచే మూలమని ఆ ప్రయోగం తేల్చింది. అంటే రిగ్స్ చూపించిన చోటు సరైనదే. అయితే పాచి ఒకేలా ఉన్నా అందరికీ ఎముక ఒకే వేగంతో కరగదు. షుగర్ అదుపులో లేనివాళ్లకి, పొగతాగేవాళ్లకి జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్లలో వాపు ఉంటే షుగర్ అదుపు చేయడమూ కష్టమవుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్లకు సరైన చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 వరకు తగ్గుతున్నట్టు ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే తేలింది. 8.4 ఉన్నది 8కి దిగినట్టు. మందుల చీటీ రాసే నాలాంటివాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఆగిపోవాల్సిన విద్య

రిగ్స్ పెద్దగా రాసినవారు కాదు. తన పద్ధతిని వైద్యుల సభలో వివరంగా చెప్పింది 1875లో. అప్పటికి ఆయనకు 60 దాటాయి. అది అచ్చయింది ఆ మరుసటి ఏడాది. అంతవరకూ ఆ విద్య ఉన్నది ఆయన చేతిలోనే. కళ్లకు కనపడని చోట, చిగురు కింద, వేలికి తగిలే గరుకును బట్టి చేసే పని అది. పుస్తకం చదివితే రాదు. ఆయన పేషెంట్లకు చేస్తూ తోటి డెంటిస్టులకు చూపించారు, శిష్యులకు నేర్పారు. 1885లో ఆయన పోయాక ఆ పని బతికిందంటే వాళ్ల వల్లే.

ఆ తర్వాత ఒక గడ్డు కాలం వచ్చింది. దానికి కారకులు మా ఫిజీషియన్లే. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు, నోట్లోని ఇన్ఫెక్షనే ఒంట్లో అనేక జబ్బులకు మూలమని మాంట్రియల్‌లో ఉపన్యసించారు. ఆ మాట పట్టుకుని కీళ్లనొప్పులకూ, అంతుచిక్కని రోగాలకూ పళ్లన్నీ పీకించేయడం చాలాచోట్ల అలవాటైపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1914లో, గిలెట్ హేడెన్, గ్రేస్ రోజర్స్ స్పాల్డింగ్ అనే ఇద్దరు మహిళా డెంటిస్టులు చిగుళ్ల వైద్యం కోసమే అమెరికాలో ఒక సంఘాన్ని స్థాపించారు. అదే నేటి అమెరికన్ అకాడమీ ఆఫ్ పెరియోడాంటాలజీ. 1947లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ దీన్ని ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తించింది.

మన దగ్గర మూడేళ్ల చదువు

మన దేశంలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో తొలి డెంటల్ కాలేజీ పెట్టారు. 1948లో డెంటిస్టుల చట్టం వచ్చింది. ఇవాళ హౌస్‌సర్జన్సీతో కలిపి ఐదేళ్ల బీడీఎస్ చదివాక, నీట్ ఎండీఎస్ రాసి పెరియోడాంటాలజీలో మూడేళ్ల పీజీ చేయొచ్చు.

పళ్ల మీద గార తీయడానికి మూడేళ్లా అని చాలామంది అడుగుతారు. మామూలు స్కేలింగ్ బీడీఎస్ డాక్టర్లు చక్కగా చేస్తారు. ఎముక కరిగిన కేసుల్లో కథ వేరు. పీజీ విద్యార్థి మొదట అనాటమీ, పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ లాంటివి మళ్లీ చదవాలి. రిగ్స్ కాదన్న సగం నిజం అక్కడే దొరుకుతుంది మరి. ఆ తర్వాత చేతిపని. గీతలు గీసిన సన్నని ప్రోబ్‌తో ఒక్కో పంటి చుట్టూ ఆరుచోట్ల లోతు కొలవాలి. 28 పళ్లుంటే 168 కొలతలు. 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే మామూలు. అంతకు మించి లోతున్న చోట జబ్బు ఉందేమో చూడాలి. చిగురును తెరిచి శుభ్రం చేసే ఫ్లాప్ సర్జరీ, కరిగిన ఎముకను తిరిగి పెంచే ప్రయత్నాలు, కిందికి జారిన చిగురును కప్పే సర్జరీ, ఇంప్లాంట్లు.. ఇవన్నీ గైడ్ పక్కన నిలబడి ఉండగా నేర్చుకోవాలి. థీసిస్ రాయాలి. ఏ పన్ను నిలుస్తుందో, దేన్ని వదులుకోవాలో తేల్చగలగడం ఈ చదువు మొత్తంలోకి కష్టమైన పాఠం.

హార్ట్‌ఫర్డ్‌లో గురువు పక్కన నిలబడి రిగ్స్ నేర్చుకున్న తీరుకీ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా ఒక్కటే. ఒక మనిషి మొండిపట్టు మీద నడిచిన విద్యకు ఇప్పుడు సిలబస్ ఉంది, పరీక్ష ఉంది, తప్పు చేస్తే దిద్దేవాళ్లున్నారు.

మీరు గుర్తుంచుకోవాల్సినవి..

- తోముకునేటప్పుడు రక్తం రావడం మామూలు విషయం కాదు. అది చిగుళ్లవాపుకు తొలి గుర్తు. రక్తం వస్తోందని తోమడం మానొద్దు.
- స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్నది అపోహ. అప్పటికే ఎముక కరిగి, గార పట్టు మీద నిలిచిన పళ్లే గార తీశాక కదిలినట్టు అనిపిస్తాయి. వాపు తగ్గేకొద్దీ చాలావరకు కుదురుకుంటాయి.
- పొగతాగేవాళ్లలో చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా రావొచ్చు. రక్తం రావడం లేదు కాబట్టి జబ్బు లేదనుకోవద్దు.
- షుగర్ ఉంటే కళ్లు, కిడ్నీలు, పాదాలతో పాటు చిగుళ్లనూ క్రమం తప్పకుండా చూపించుకోండి. పళ్ల డాక్టర్‌కు మీ షుగర్ రిపోర్టు చూపించండి.
- రక్తం పలుచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. వాటిని సొంతంగా ఆపేయొద్దు.
- పన్ను కదులుతోందా? పీకించుకునే ముందు ఒక్కసారి చిగుళ్ల స్పెషలిస్టుకు చూపించండి. పీకడానికి తర్వాతైనా సమయం ఉంటుంది. పీకిన పన్నును తిరిగి పెట్టడం కష్టం.