కార్మికుల మధ్యకు వెళ్లిన కవి మఖ్దూం



ఈ వారం మీకు చెప్పబోయేది ఒక పునీతుని కథ కాదు, ఒక కమ్యూనిస్టు కథ. ఆశ్చర్యపడకండి. చివరివరకు చదివి, తరువాత మీరే ఆలోచించండి.

మఖ్దూం మొహియుద్దీన్ 1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా ఆందోల్‌లో జన్మించారు. చిన్ననాడే తండ్రి చనిపోగా పినతండ్రి పెంచారు. మసీదు ఊడవడం, నీళ్లు మోయడం ఆ పిల్లవాని పనులు. 1917లో రష్యాలో విప్లవం వచ్చిందనీ, ఇక అక్కడ ఉన్నవారూ లేనివారూ ఒకే బంతిలో కూర్చుని తింటారనీ పినతండ్రి చెప్పిన మాట ఆయన మనసులో నాటుకుపోయింది.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివి, హైదరాబాదు సిటీ కాలేజీలో అధ్యాపకులయ్యారు. ఉర్దూ కవిగా పేరు తెచ్చుకున్నారు. నెల జీతం, గౌరవం ఉన్న ఆ ఉద్యోగాన్ని వదలి కార్మికుల మధ్యకు వెళ్లారు.

అప్పుడు మన ఆదిలాబాదు ప్రాంతం కూడా నిజాం రాజ్యంలోనిదే. బెల్లంపల్లిలో బొగ్గు గనులు, కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు, వరంగల్‌లో బట్టల మిల్లు వెలిశాయి. యంత్రాలు వచ్చినంత త్వరగా కార్మికునికి న్యాయం రాలేదు. ఒక్కడే అడిగితే పని పోతుంది. అందరూ కలిసి అడిగితే యజమాని వినక తప్పదు. ఈ సంగతిని కార్మికులకు తెలియజెప్పి మఖ్దూం సంఘాలు కట్టారు. 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ నాయకుల్లో ఆయన ముఖ్యులు. తరువాత తెలంగాణ సాయుధ పోరాటం, అజ్ఞాతవాసం, 1951లో అరెస్టు. 1952లో హుజూర్‌నగర్ ప్రజలు ఆయనను శాసనసభకు పంపారు. 1969 ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశారు.

మఖ్దూం పుట్టడానికి 17 ఏళ్ల ముందే, 1891 మే 15న, 13వ లియో పోపుగారు 'రేరుం నోవారుం' అనే విశ్వలేఖ వెలువరించారు. గౌరవంగా బ్రతకడానికి చాలినంత కూలి, విశ్రాంతి, సంఘం పెట్టుకునే స్వేచ్ఛ కార్మికుని హక్కులని బోధించారు. అదే లేఖలో, సొంత ఆస్తిని రద్దు చేయాలనే సోషలిస్టుల మార్గాన్నీ, ధనికులూ శ్రామికులూ పుట్టుకతోనే శత్రువులనే భావాన్నీ తిరస్కరించారు. పెట్టుబడిదారుని దురాశను కూడా విడిచిపెట్టలేదు. కనుక వర్గద్వేషాన్ని, తుపాకీ దారిని శ్రీసభ అంగీకరించదు. కాని మఖ్దూం చూసిన గాయం నిజమైనదే. పోపుగారు చూసినదీ అదే గాయం. మందు విషయంలోనే తేడా. ఆ మందు తప్పని చెప్పే మనం, రోగి ప్రక్కన ఎంతసేపు కూర్చున్నాం?

మన నిర్మల్ ప్రాంతాన్నే చూడండి. ఎందరో తల్లులు, అక్కచెల్లెళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకులో తంబాకు చుట్టి బీడీలు చేస్తున్నారు. వేయి బీడీలకు ఇంత అని కూలి. ఇచ్చిన ఆకు చాలకపోతే లోటు తామే కొని పూడ్చుకోవాలి. బాగాలేవని తీసివేసిన బీడీలకు కూలి రాదు. 1966లో పార్లమెంటు చేసిన బీడీ కార్మికుల చట్టం, ఇంట్లో పనిచేసే ఆమెను కూడా కార్మికురాలిగానే గుర్తించింది. అయినా మిల్లు కార్మికునికి గేటు దగ్గర పదిమంది తోడుంటారు; ఇంట్లో బీడీ చేసే ఆమె ఒక్కతే.

విచారణ కుటుంబాలారా, బీడీలు చేసేవారు మనలో ఉన్నారు. టేకేదార్లు, దుకాణదారులు, ఇంట పనిమనిషిని పెట్టుకున్నవారూ మనలోనే ఉన్నారు. ఆపివేసిన కూలి దేవుని చెవిలో మొరపెడుతుందని యాకోబుగారి లేఖ 5వ అధ్యాయం హెచ్చరిస్తుంది. ఈ వారం మీ పొరుగున బీడీలు చేసే తల్లి వద్దకు వెళ్లి, ఆమె కూలి లెక్క, భవిష్యనిధి కాగితాలు సరిగా ఉన్నాయో లేవో చూడండి. చదువుకున్న పిల్లలు చదివి వినిపించండి. కూలి ఇచ్చే స్థానంలో ఉన్నవారు ఆమె అడగకముందే లెక్క సరిచేయండి. ఒకే బల్ల చుట్టూ చేరి దివ్యసత్ప్రసాదం స్వీకరించే మనకు, ఒకే బంతి అనే మాట కొత్తది కాకూడదు.