సపోటా పాలతో పేటెంటు: థామస్ ఆడమ్స్ జీవితం

పచ్చి సపోటాకాయ కోస్తే తెల్లటి పాలు కారి వేళ్ళకు అంటుకుంటాయి. మన ఖిలా వరంగల్ పిల్లలకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఆ చెట్టు పాలను కాచి గడ్డకట్టిస్తే వచ్చే బంకే చికిల్. దానిని చూయింగ్‌గమ్‌గా దుకాణాలకెక్కించినవాడు థామస్ ఆడమ్స్.

ఆయన 1818లో న్యూయార్కులో జన్మించాడు. ఫొటోగ్రాఫరుగా బతికాడు. ఏవేవో వస్తువులు కనిపెట్టాలని చూశాడు గానీ ఏదీ కలిసిరాలేదు. 1860ల చివర మెక్సికో మాజీ అధ్యక్షుడు శాంటా అన్నా దేశం విడిచి స్టేటన్ ఐలాండ్‌లో తలదాచుకున్నాడు. ఆయన ద్వారానే చికిల్ ఆడమ్స్ చేతికి వచ్చింది. దానితో చౌక రబ్బరు చేద్దామని బొమ్మలు, బూట్లు, బండి చక్రాల పట్టాలు ప్రయత్నించాడు. అన్నీ చెడిపోయాయి. సరుకు పారబోయవలసిందే అనుకున్న వేళ, మెక్సికోలో జనం దీన్ని నములుతారన్న మాట గుర్తుకొచ్చింది. అప్పట్లో అమెరికా దుకాణాల్లో నమలడానికి పారఫిన్ మైనం అమ్మేవారు. ఆడమ్స్ మైనం బదులు చికిల్ పెట్టాడు. 1871లో పేటెంటు పొందాడు.

ఇంతేనా అనిపిస్తుంది కదూ! అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ పనిలో ఆరితేరినవాడికి ఇట్టే తట్టే మార్పుకు పేటెంటు చెల్లదు. చెక్కకూ లోహానికీ బదులు మట్టితో తలుపు పిడి చేసినంత మాత్రాన అది కొత్త కల్పన కాదని అమెరికా సుప్రీంకోర్టు 1851లోనే తేల్చింది. మన సుప్రీంకోర్టు కూడా 1978లో పాత్రలను లేతు మీద బిగించే పద్ధతి కేసులో ఈ కొలతే వాడి పేటెంటును నిలవనీయలేదు. మరి ఆడమ్స్ చేసింది పదార్థం మార్చడమేనా? మెక్సికో పల్లెవాసికి తరతరాలుగా తెలిసినదానిపై ఆయనకు హక్కేమిటి? ఇది న్యాయమైన ప్రశ్నే.

అయితే ఆయన్ను నిలబెట్టింది ఆ కాగితం ఒక్కటే కాదు. 1884లో అతిమధురం రుచితో బ్లాక్‌జాక్ తెచ్చాడు. 1888లో రైలు ప్లాట్‌ఫారాల మీద నాణెం వేస్తే గమ్ ఇచ్చే యంత్రాలు పెట్టించాడు. 1899లో పలు కంపెనీలు కలిసి అమెరికన్ చికిల్ కంపెనీగా ఏర్పడ్డాయి. 1905లో ఆడమ్స్ కన్నుమూశాడు.

పేరు మాత్రం కోర్టుదాకా వెళ్ళింది. మెంథాల్‌కు మరో చల్లదనపు రసాయనం కలిపిన గమ్‌పై రిగ్లీ కంపెనీ తన పేటెంటుతో కాడ్‌బరీ ఆడమ్స్ మీద దావా వేసింది. రెండూ ముందే తెలిసిన దినుసులు, కలపడం ఎవరికైనా తోచేదేనని 2012లో అమెరికా అప్పీలు కోర్టు రిగ్లీ పేటెంటును తోసిపుచ్చింది.

చూసిన తర్వాత ఏదైనా అరటిపండు ఒలిచినట్టే ఉంటుంది. చూడకముందు ఎవరికి తట్టింది, ఎవరి తెలివి ఎవరి పేర చెలామణి అయింది? ప్రయోగశాలలో అడుగుపెట్టే మనం ఈ రెండు ప్రశ్నలూ మరువరాదు.