నవ్వని మనిషి కండ్లు

ఇంటి ముందటి గోడ మొత్తం ఒక మనిషి మీద కూలుతది. ఆయన కదలడు. గోడల ఉన్న కిటికీ సందు సరిగ్గ ఆయన నిలబడ్డ జాగల పడ్తది, మనిషి బతుకుతడు. ముఖంల నవ్వు లేదు, భయం లేదు. ఈ ముక్క మన ఫోన్లల్ల తిరుగుతనే ఉంటది. మీల చానమంది చూసే ఉంటరు, కంప్యూటర్ల చేసిన మాయ అనుకొని పక్కకు జరిపే ఉంటరు. అది మాయ గాదు తమ్ముళ్లారా, చెల్లెళ్లారా. 1928ల వచ్చిన సినిమా. నిజమైన బరువున్న గోడ. మనిషికీ కిటికీ అంచుకూ నడుమ కొన్ని అంగుళాల సందు. ఆయన పేరు బస్టర్ కీటన్. ఆ మనిషి బతుకు ఎట్ల సాగింది, ఆయన సినిమాలు మట్టిల కలవకుండ మన దాక ఎట్ల వచ్చినయి అనేది ఇయ్యాల చెప్తా.

ముందుగాల నా తప్పు ఒప్పుకోవాలె. ఆయన్ని నేను మొదటిసారి చూసింది హైదరాబాద్ ఆబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న డీవీడీల. 20 రూపాయలు. సినిమా పేరు ‘ది జనరల్’. సంఘం ఆఫీసుల ఉన్న పాత కంప్యూటర్ల పెట్టి చూసిన. తెర మీద వాన పడ్డట్టు గీతలు. మనుషులు కోళ్ల లెక్క టకటక ఉరుకుతున్నరు. ఆయన ముఖం సున్నం పూసినట్టు తెల్లగ ఉన్నది, కండ్లు ముక్కు ఏం కనవడ్తలేవు. సినిమాకు సంబంధం లేని బాజా ఏదో మోగుతున్నది. సగంల బంద్ చేసిన. తెల్లోళ్లు తమ పాత సినిమాలను ఊకెనే మోస్తరనుకున్న.

పదేండ్ల తర్వాత మా మేనల్లుడు అమెరికా నుంచి అదే సినిమా బ్లూ-రే డిస్కు తెచ్చిండు. పాత రీళ్లను బాగుచేసి తీసిన కాపీ అది. పెట్టిన పది నిమిషాలకే నాకు సిగ్గయింది. ఈ మనిషి ముఖంతోటి నవ్వడు, ఏడ్వడు. చెప్పేదంత కండ్లతోటే చెప్తడు. ఆశ పడ్డది, మోసపోయింది, భయపడ్డది అన్నీ ఆ పెద్ద కండ్లల్లనే ఉన్నయి. నేను కొన్న డిస్కుల ఆ కండ్లే లేవు. అంటే నేను కీటన్ సినిమా చూడనే లేదు. చూడకుండనే తీర్పు చెప్పిన.

ఆయన పుట్టింది 1895 అక్టోబర్ 4న, అమెరికాల కాన్సాస్ రాష్ట్రంల పిక్వా అనే చిన్న ఊర్లె. అది వాళ్ల సొంతూరేం గాదు. తల్లి, తండ్రి ఇద్దరు ఊరూరు తిరిగి ఆడి పాడేటోళ్లు. మందులమ్మే బృందంతోటి తిరుగుతుంటే ఆ ఊర్లె ఆమెకు నొప్పులొచ్చినయి. పిల్లగాడు నడవడం నేర్చుడే ఆలస్యం, వాన్ని కూడ స్టేజీ ఎక్కించిండ్రు. తండ్రి వాన్ని ఎత్తి గోడకేసి విసిరేటోడు, స్టేజీ కింద బాజా వాయించేటోళ్ల మీదికి విసిరేటోడు. పట్టుకొని విసరనీకి సులువు కావాలని పిల్లగాని అంగీకి సూట్‌కేసు పిడి కుట్టిండ్రు. పిల్లల కోసం పనిచేసే సంఘాలోళ్లు ఈ ఆట ఆపాలని కేసులు పెట్టిండ్రు. బడి మొఖం ఆయన సరిగ్గ చూసిందే లేదు. కాని రెండు సంగతులు ఆడ్నే నేర్చుకున్నడు. ఒకటి, దెబ్బ తగలకుండ ఎట్ల పడాలె. రెండోది, పడ్డంక తాను నవ్వితే జనం నవ్వరు, తాను నవ్వకపోతే పడిపడి నవ్వుతరు.

1917ల న్యూయార్క్‌ల రాస్కో ఆర్బకల్ అనే పెద్ద కమెడియన్ ఆయన్ని సినిమాలకు తీసుకున్నడు. మొదటి రోజే కీటన్ కెమెరా లోపల ఏమున్నదో విప్పి చూసిండు. నడుమ మొదటి ప్రపంచ యుద్ధంల సిపాయిగ ఫ్రాన్స్ పోయిండు. ఆడ చెవి రోగమొచ్చి వినికిడి తగ్గింది. వాపసు వచ్చినంక 1920ల తన పేరు మీదనే స్టూడియో నడిచింది. ఎనిమిదేండ్లల్ల 19 చిన్న సినిమాలు, 10 పెద్ద సినిమాలు తీసిండు. ‘షెర్లాక్ జూనియర్’ తీసేటప్పుడు రైలు పట్టాల పక్కన ట్యాంకు నీళ్లు మీద పడి మెడ ఎముక చిట్లింది. ఆ సంగతి ఏండ్ల తర్వాత ఎక్స్‌రే తీస్తే బయటపడ్డది. ‘ది జనరల్’ కోసం నిజమైన రైలింజన్‌ను వంతెన మీదికెల్లి నదిల పడేసిండు. ఆ ఒక్క షాటుకు 42,000 డాలర్లు ఖర్చయిందని చెప్తరు. ఇయ్యాల లోకం నెత్తిన పెట్టుకునే ఆ సినిమా అప్పుడు నష్టపోయింది.

కూలి చేసి బతికేటోళ్లకు జెప్పన తెలిసే సంగతి ఇది. స్టూడియోకు ఆయన పేరున్నది, అందుల ఆయనకు వాటా మాత్రం లేదు. చెమట ఆయనది, కంపెనీ వేరేటోళ్లది. 1928ల ఆ స్టూడియో మూతపడితే ఎంజీఎం అనే పెద్ద కంపెనీల జీతానికి చేరిండు. ఏ నవ్వు ఎట్ల పుట్టాలె అనేది ఇగ ఆఫీసులోళ్లు చెప్పుడు మొదలైంది. తాగుడు పెరిగింది. 1932ల పెండ్లి పెటాకులైంది, ఇద్దరు కొడుకులు తల్లి ఇంటిపేరుకు మారిండ్రు. 1933ల కంపెనీ బయటికి పంపింది. కొన్నేండ్లకు అదే కంపెనీల వేరే కమెడియన్లకు నవ్వుల ముక్కలు రాసిచ్చే చిన్న కొలువు చేసిండు. 1940ల ఎలినార్ అనే డాన్స్ కళాకారిణిని చేసుకున్నంకనే ఇల్లు నిలబడ్డది.

ఆయన కింద పడ్డ కాలంలనే ఆయన సినిమాలు కూడ చచ్చుడు షురువైంది. అప్పటి రీళ్లు నైట్రేట్ అనే పదార్థంతోటి చేసేటోళ్లు. గాలి తగలకపోయినా మండుతది. నీళ్లల్ల ముంచినా ఆరదు. మండకపోతే లోలోపల కుళ్లి, జిగటగై, ఆఖరికి పొడి అయితది. మాటల సినిమాలు వచ్చినంక మూగ సినిమాలకు ధర లేదని కంపెనీలు రీళ్లు పారేసినయి, అందుల ఉన్న కొద్దిపాటి వెండి కోసం కరిగించినయి. 1937ల ఫాక్స్ కంపెనీ గోదాం కాలి చాన సినిమాలు బూడిదైనయి. అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం 2013ల లెక్కతీస్తే, అక్కడి పెద్ద మూగ సినిమాలల్ల అసలు రూపంల మిగిలినయి నూటికి 14 మాత్రమే.

కీటన్ సినిమాలు బతికింది ఎట్లనంటే, కొంత అదృష్టం, కొంత మనుషుల పట్టుదల. ఒకప్పుడు ఆయనున్న పెద్ద బంగ్లాను జేమ్స్ మేసన్ అనే నటుడు కొనుక్కున్నడు. ఆ ఆవరణల మూతపడ్డ ఒక జాగల పాత రీల్ డబ్బాలు దొరికినయి. చెత్త అని పారేయలేదు, దాచి అప్పజెప్పిండు. కీటన్ సొంత గ్యారేజీల కూడ కొన్ని ఉండె. 1954ల లాస్ ఏంజెలెస్‌ల సినిమా హాలు నడిపే రేమండ్ రోహౌర్ అవి కుళ్లకముందే కొత్త ఫిలిం మీదికి ఎక్కించే పని పట్టుకున్నడు. హక్కుల కోసం కోర్టుల పొంటి తిరిగి చానమందితోటి కయ్యం పెట్టుకున్న మనిషి ఆయన. మంచోడా చెడ్డోడా అని ఇప్పటికీ వాదన నడుస్తది. రీళ్లు మాత్రం మిగిలినయి.

కీటన్ ఇది కండ్ల చూసిండు. 1952ల చాప్లిన్ ‘లైమ్‌లైట్’ల పక్కన నటించిండు. 1960ల గౌరవ ఆస్కార్ ఇచ్చిండ్రు. 1965ల ఇటలీల వెనిస్ పండుగల జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టిండ్రు. 1966 ఫిబ్రవరి 1న, 70 ఏండ్ల వయసుల, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోటి పోయిండు.

ఆయన పోయినా పని ఆగలేదు. 2015 నుంచి ఇటలీల బొలోన్యా నగరపు సినిమా భాండాగారం, అమెరికాల కోహెన్ సంస్థ కలిసి ఆయన సినిమాలను ఒక్కొక్కటి బాగుచేస్తున్నయి. దేశదేశాల నుంచి ఒకే సినిమా ప్రింట్లు తెప్పిస్తరు. ఒకదాంట్ల మొదలు పోయి ఉంటది, ఇంకోదాంట్ల ఆఖరు పోయి ఉంటది. ఇంకో తిప్పలు కూడ ఉన్నది. అప్పట్ల రెండు కెమెరాలు పక్కపక్కన పెట్టి తీసేటోళ్లు. ఒక నెగెటివ్ తమ దేశానికి, ఒకటి పరదేశానికి. అందుకని ఒకే షాటు రెండు ప్రింట్లల్ల కొంచెం తేడాగ ఉంటది, ఇష్టమొచ్చినట్టు కలుపుతే అతకదు. చినిగిన అంచులు చేతితోటి అతికి, కడిగి, స్కాన్ చేసి, గీతలు తుడుస్తరు. సెకనుకు 24 బొమ్మలనుకుంటే 75 నిమిషాల సినిమాకు 1,08,000 బొమ్మలు. ఎక్కువ తుడిస్తే ముఖాలు మైనం బొమ్మలైతయి. తక్కువ తుడిస్తే వాన ఆగదు. వేగం కూడ సరిచెయ్యాలె. మూగ సినిమాల కెమెరా చేతితోటి తిప్పేది, వేగం ఒక్కతీరుగ ఉండదు. నా 20 రూపాయల డిస్కుల మనుషులు కోళ్ల లెక్క ఉరికింది అందుకే.

ఇంత చేసి రీలును మళ్లా గోదాంల పెడితే మన అసొంటోళ్లకు ఏం లాభం? డిస్కు అయి ఇంటికొస్తేనే అది జనం సొత్తు. నేను ఆ బ్లూ-రేను మా ఊరి బడి గోడ మీద ప్రొజెక్టర్ పెట్టి చూపించిన. రైలు ఎనుక ఆయన ఉరికితే పిల్లలు కిందపడి నవ్విండ్రు. మాటల్లేని సినిమాకు అనువాదం కూడ అక్కర రాలేదు.

ఇగ మన సంగతి. మన దేశపు మొదటి మాటల సినిమా ‘ఆలం ఆరా’ 1931ల వచ్చింది. ఇయ్యాల దాని ప్రింటు ఒక్కటి లేదు. జాతీయ ఫిలిం ఆర్కైవ్ పుణెల పెట్టింది 1964ల. అప్పటికే చానవరకు పోయినయి. ‘మాయాబజార్’కు 2010ల రంగులద్దితే మనం సంబురపడ్డం, తప్పులేదు. కాని రంగులద్దుడు వేరు, ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టుడు వేరు. రేలంగి, రమణారెడ్డి నవ్వించిన సినిమాలు ఎన్నో ఇయ్యాల మన ఫోన్లల్ల మసకమసకగ, ముఖం మీద కంపెనీ ముద్ర పడి తిరుగుతున్నయి. రేపటి పిల్లగాడు అది చూసి, గిదేం కామెడీ అని జరిపేస్తడు. నేను కీటన్‌కు చేసిన అన్యాయమే వాడు రేలంగికి చేస్తడు.

మీ మండలంల మూతపడ్డ టాకీసు ఏదన్న ఉన్నదా? ప్రొజెక్టర్ గదిల తుప్పు పట్టిన రీల్ డబ్బాలున్నయా? పాత సామాన్లోనికి తూకానికి ఇయ్యకుండ్రి. పుల్లటి వాసనొస్తే, జిగటగ ఉంటే నిప్పు దగ్గరికి తేకుండ్రి. డబ్బా మీద పేరు చదివి, ఫొటో తీసి, పుణె ఆర్కైవ్‌కు రాయుండ్రి. మేసన్ చేసింది కూడ అంతే, దొరికిన డబ్బాను పారేయలేదు. అందుకే ఆ నవ్వని మనిషి కండ్లు మా ఊరి బడి గోడ దాక వచ్చినయి.