నాట్యకల్పద్రుమ కర్త మాణి మాధవ చాక్యార్

సంస్కృత నాటకాలను మనమిప్పుడు గ్రంథాలుగానే చదువుకొంటున్నాం. అవి ఆడి చూపడానికి పుట్టినవన్న సంగతి దాదాపు మరచిపోయాం. భాసుడు, హర్షుడు, శక్తిభద్రుడు రచించిన నాటకాలను తరతరాలుగా రంగస్థలం మీద నిలిపిన నేల కేరళ. అక్కడి ప్రదర్శనకు కూడియాట్టమని పేరు. 2001లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వ కళలలో ఒకటిగా ప్రకటించింది. ఆలయ ప్రాంగణంలోని కూత్తంబలమనే నాట్యమండపంలో, దీపపు వెలుగులో, మిళావు అనే రాగి కుండవాద్యం మోగుతుండగా నాటకం సాగుతుంది. పురుష పాత్రలను చాక్యార్లు, స్త్రీ పాత్రలను నంగ్యార్లు ధరిస్తారు. కూచిపూడి భాగవతులలో స్త్రీ వేషాలను కూడా పురుషులే కట్టేవారన్నది ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఒక్క అంకాన్ని ఆడడానికే ఎన్నో రాత్రులు పడుతుంది.

మాణి మాధవ చాక్యార్ 1899 ఫిబ్రవరి 15న కోళిక్కోడ్ ప్రాంతంలోని తిరువంగాయూరులో జన్మించారు. అభినయాన్ని తమ వంశపు పెద్దల వద్ద అభ్యసించారు. అంతటితో తృప్తి పడక పళేడత్తు శంకరన్ నంబూద్రిపాద్ సన్నిధిలో సంస్కృతాన్ని, కొచ్చి రాజవంశీయులైన రామవర్మ పరీక్షిత్ తంపురాన్ వద్ద నాట్యశాస్త్రాన్ని చదివారు. నటుడు పండితుడు కావడం అరుదు. పండితుడై కూడా నటుడిగానే మిగలడం మరీ అరుదు.

నేత్రాభినయం ఆయనకు అపారమైన కీర్తిని తెచ్చింది. ఈ విద్యలో శిష్యుని కన్నులకు నెయ్యి రాసి, కనుగుడ్లను నలుదిక్కులా తిప్పించే కఠోర సాధన ఉంటుంది. మాధవ చాక్యార్ కదలకుండా కూర్చుండి కేవలం కన్నులతోనే దీపశిఖను, దానిలో పడే మిడుతను చూపగలిగేవారు. కథకళి నటుడు కలామండలం కృష్ణన్ నాయర్ వంటివారు ఆయన వద్ద రసాభినయం నేర్చుకొన్నారు.

అయితే ఆ విద్యను చూసేవారెందరు? సంస్కృతం తెలిసిన కొద్దిమందే. కళ ఆలయం దాటి రాకూడదన్నది ఆచారం. దాటితే ఆచారభంగం, దాటకపోతే కళాభంగం. మాధవ చాక్యార్ దాటడానికే నిశ్చయించుకొన్నారు. 1955లో తమ నివాసగ్రామమైన కిళ్ళిక్కురిశ్శిమంగలంలో ఆలయం వెలుపల కూడియాట్టం ఆడారు. డాక్టర్ వి. రాఘవన్ నాయకత్వంలోని సంస్కృత రంగం ఆహ్వానించగా 1962లో మదరాసులో ప్రదర్శించారు. కూడియాట్టం కేరళ సరిహద్దు దాటడం అదే మొదలు. ఆ సంప్రదాయంలో అంతగా చోటు దొరకని కాళిదాస నాటకాలకు కూడా ఆయన అభినయం కూర్చారు.

ఇక మిగిలింది గ్రంథం. చాక్యార్ల ఇళ్ళలో ఆట్టప్రకారాలనే అభినయ విధానాలు తాళపత్రాల మీద ఉండేవి. అవి ఆ ఇంటివారికే పరిమితం. మాధవ చాక్యార్ ఆ గుట్టును తెరచి, రసాభినయాదులను, ప్రదర్శన పద్ధతులను మలయాళంలో నాట్యకల్పద్రుమంగా రచించారు. కేరళ కలామండలం 1975లో దానిని ప్రచురించగా, మరుసటి ఏడు కేరళ సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. శాస్త్రం చదివినవాడు రాసిన పుస్తకాలు మనకు చాలా ఉన్నాయి. రంగం మీద నిలిచినవాడు రాసినవి కొద్ది. నాట్యకల్పద్రుమం విలువ అక్కడే ఉంది.

1974లో పద్మశ్రీ అందుకొన్న ఆయన 1990 జనవరి 14న కన్నుమూశారు. హస్తముద్రలను అక్షరాలలో పెట్టవచ్చు గాని చూపును ఏ అక్షరంలో పెట్టగలం? కావాలం నారాయణ పణిక్కర్ దర్శకత్వంలో సంగీత నాటక అకాడమీ ఆయనపై నిర్మించిన చిత్రం 1994లో వెలువడింది. ఆ కన్నులను నేడు మనం చూడగలిగేది అటువంటి చిత్రాలలోనే.