నేపియర్ పుల్లలు

బదిలీల మీద వచ్చే మా పిల్లలు ఎక్కాలు ఒకరు హిందీలో, ఒకరు తమిళంలో, ఒకరు తెలుగులో నేర్చుకుని వస్తారు. అంకెలు మాత్రం అందరికీ ఒకటే. అందుకే మాకు జాన్ నేపియర్ అంటే ఇష్టం.

ఆయన 1550లో స్కాట్లండ్‌లో, ఎడింబరో దగ్గరి మెర్కిస్టన్ కోటలో పుట్టారు. పదమూడేళ్లకే సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేరారు. భూస్వామి, లెక్కలు ఆయన వృత్తి కాదు. అయినా సుమారు 20 ఏళ్లు శ్రమించి 1614లో సంవర్గమానాల గ్రంథం వెలువరించారు. పెద్ద పెద్ద గుణకారాలతో సతమతమయ్యే ఖగోళ శాస్త్రజ్ఞులకు అది వరమైంది.

చిన్నపిల్లలకు పనికొచ్చేవి మాత్రం ఆయన పుల్లలే. ఎముకతో, దంతంతో కూడా చేసేవారు కనుక నేపియర్ ఎముకలనీ అంటారు. ఒక్కో పుల్ల మీద ఒక్కో అంకె ఎక్కం. ప్రతి గడిలో ఏటవాలు గీత, దానికి పైన పదులు, కింద ఒకట్లు. 425ను 6తో గుణించాలా? 4, 2, 5 పుల్లలు పక్కపక్కన పెట్టి ఆరో వరుస చూడండి: 24, 12, 30. కుడి చివర 0. ఏటవాలుగా 3, 2 కలిపితే 5; 1, 4 కలిపితే మళ్లీ 5; మిగిలింది 2. జవాబు 2550. ఇప్పుడు ఈ పుల్లలనే స్మార్ట్‌బోర్డు మీద వేలితో జరపవచ్చు. అట్టముక్కలతో చేసినా అంతే బాగా పనిచేస్తాయి!

పుల్లల పుస్తకం 1617లో అచ్చయింది. ఆ ఏడాదే ఏప్రిల్ 4న నేపియర్ కన్నుమూశారు.